డప్పు కొట్టేటోని బిడ్డ

మా ఆయన పొద్దంత ఆటో తోల్తడు, మాపటికి డప్పు భుజానికేస్కుంటడు. ఉద్యమం నడిచిన ఏండ్లల్ల ఎల్బీ నగర్ చౌరస్తల ధర్నా అయినా, దిల్‌సుఖ్‌నగర్ దిక్కు ర్యాలీ పోయినా ఆయన డప్పు లేనిదే జనం కదిలెటోళ్ళు కాదు. గసుంటి మనిషి బిడ్డ, నాలుగేండ్ల పోరి, డప్పు సప్పుడు ఇంటె చాలు రెండు చెవులు మూస్కొని నేల మీద ముడుసుకొని ఒర్రేది. దేవునికి ఎకసెక్కాలెక్కువ అనుకునేదాన్ని.

డప్పొక్కటే అయితె ఎట్లనో ఓర్సుకుందుము. కుక్కర్ సీటీ, మిక్సీ, నీళ్ళ మోటరు, గల్లీల పెండ్లి బ్యాండు, ఏదైనా అంతే. కుక్కర్ అటక మీద పారేసి పప్పు గిన్నెల ఉడకవెట్టుడు మొదలువెట్టిన. మన్సూరాబాద్‌ల మాది కిరాయి ఇల్లు, గోడకు గోడ ఆనుకొని ఉంటది. పక్కింట్ల పటాక కాలిస్తె ఆ పూట బిడ్డ బుక్క ముట్టకపోయేది. ఇంగ అందరు చెప్పెటోళ్ళే. గారాబం ఎక్కువైందని ఒకలు, గాలి సోకిందని ఒకలు. "నాలుగు తగిలియ్యి, దెబ్బకు దయ్యం దిగుతది" అన్నది ఒకామె. నీ నోట్లె మన్నువడ, నీకు తగిలియ్యాలె ముందుగాల అని మొఖమ్మీదనే అన్న. ఆమె మళ్ళ మా గడప తొక్కలే. తొక్కకపాయె, పీడ పాయె.

మా ఆయన వాళ్ళది నల్లగొండ దిక్కు పల్లె. వాళ్ళ ఇండ్లల్ల ఒక పద్ధతి ఉన్నది. పసిబిడ్డను డప్పు పక్కకు పండవెట్టి మెల్లగ కొడ్తరు, చెవి ముదరాలె అంటరు. మా బిడ్డ నెలలు నిండకముందే పుట్టి దవాఖానల అద్దాల పెట్టెల ఉండె, గా పద్ధతి జరగలే. "గదే తక్కువైంది, డప్పోళ్ళ బిడ్డ డప్పుకు జడుసుకునుడేంది" అని పట్టువట్టిండు మా ఆయన. ఒక ఆదివారం వాకిట్ల గడ్డి మంట వేసి, తోలు బిగుసుకునెదాక డప్పు కాపిండు. మంట సూపకుంటె డప్పు పలకదు. బిడ్డను ఒళ్ళె కూసోవెట్టుకొని, నవ్వుకుంటనే, డప్పు మీద పుల్లతోని ఒక్క దెబ్బేసిండు.

బిడ్డ ఒర్రలే. కట్టె లెక్క బిగుసుకపోయింది. పెదవులు తెల్లగైనయి, గౌను తడిసింది. నేను డప్పు గుంజి గల్లీలకు ఇసిరికొట్టిన. "మనిషివా, పశువువా" అన్న. ఆయన పోయి డప్పు ఏరుకొచ్చుకున్నడు గని దాన్ని తుడువను గుడ తుడువలే.

ఇంగ ఆ దినం నుంచి గల్లీ మొగదల ఆటో సప్పుడు ఇనవడంగనే బిడ్డ తలుపు ఎనుక దూరేది. నాయన మొఖం సూడంగనే చెవులు మూసుకునేది. డప్పు లేకున్న, ఒట్టి చేతులతోని ఒచ్చినా మూసుకునేది. ఒకపారి జామకాయ తెచ్చి ముందట వట్టిండు. బిడ్డకు జామకాయంటె పానం. కాయ దిక్కు సూస్తున్నది, నోరూరుతున్నది, గని కాయ అందుకోవాలంటె చెవి మీది చెయ్యి తియ్యాలె కద. తియ్యలే. ఆయన కాయను బియ్యం డబ్బ మీద పెట్టి ఎళ్ళిపోయిండు. బిడ్డకు ఏమైందో తెల్వక నేను పరేషాన్, బిడ్డ తనకు కాకుంట పోతదేమో అని ఆయన పరేషాన్.

పై అంతస్తుల ఇంటి ఓనర్లు. గుంటూరు దిక్కోళ్ళు. ఆ దినాలు సూసినోళ్ళకు చెప్పేదేముంది, ఈయన కింద జై తెలంగాణ అనుడు, పైన కిటికీలు మూసుకునుడు. మాటలు కిరాయి ఇచ్చేకాడికే ఉండె. అసుంటిది ఒకనాడు ఓనరమ్మ తనంతట తనే దిగొచ్చింది. "అమ్మాయ్, తిడితే తిట్టావుగానీ ఒక మాట చెప్తాను. పిల్ల నాటకాలాడట్లేదు, నేను పైనుంచి చూస్తూనే ఉన్నా. డాక్టరుకి చూపించండి" అన్నది. ఎవ్వలన్న బిడ్డ దిక్కు మాట్లాడుడు గదే మొదలు. నాకు ఏడుపాగలే.

దిల్‌సుఖ్‌నగర్‌ల చెవుల డాక్టర్‌కు సూపిచ్చినం. చెవులు మంచిగున్నయి, పిల్లల డాక్టరమ్మకు సూపియ్యిన్రి అని తోలిండు. ఆమె ఇచ్చిన తారీఖు నాడే బంద్ వడ్డది. అడిగిపిస్తె, మా ఇల్లు దవాఖాన మీదనే, రండి సూస్త అన్నదట. మా ఆయనేమో పొద్దున్నే చౌరస్తల ఉండాలె. "బిడ్డ కావాల్నా, బంద్ కావాల్నా తేల్చుకో" అన్న. చెప్పులేస్కున్నడు.

ఆటో తియ్యద్దాయె. నడిసినం. ఎల్బీ నగర్ దాటినంక రోడ్డు మీద పురుగు లేదు. షట్టర్లన్ని దిగి ఉన్నయి, బస్సు లేదు, హారన్ లేదు. నా సంకల ఉన్న బిడ్డ మెల్లగ చెవుల మీది చేతులు తీసింది. కిందికి దిగుతనన్నది. నడిరోడ్డు మీద నడుసుకుంట, "అమ్మా, రోడ్డు పండుకున్నదా?" అని అడిగింది. మా ఆయన దూరంగ ఎనుక నడుస్తుండె. దగ్గరికొస్తె బిడ్డ మళ్ళ చెవులు మూస్తదని ఆయన భయం.

డాక్టరమ్మ అన్నీ అడిగింది. చివరికి మా ఆయన దిక్కు తిరిగి, "మీరేం చేస్తారు?" అన్నది. "ఆటో తోల్త. డప్పు కొడ్త" అని తలకాయ దించుకున్నడు. ఎంత పెద్ద లీడర్ ముందట గుడ ఆ మాట రొమ్ము విరిసి చెప్పే మనిషి.

"డప్పు కొట్టడం తప్పేం కాదండీ" అన్నది ఆమె. "కొందరు పిల్లలకి చప్పుడు చెవితో ఆగదు, ఒళ్ళంతా తగుల్తుంది. తనకది మొండితనం కాదు, బాధ. అలవాటవుతుందని బలవంతపెట్టకండి. అలాగని రోజంతా చెవుల్లో దూది పెట్టినా మంచిది కాదు, చిన్న చప్పుడుకి కూడా ఉలిక్కిపడుతుంది. చప్పుడయ్యే ముందు చెప్పండి. తన చేత్తో తను చేసే చప్పుళ్ళతో మొదలుపెట్టండి." వారం వారం ఆడిపిచ్చి అలవాటు చేసేటోళ్ళ దగ్గరికి గుడ తీస్కపొమ్మన్నది.

"తగ్గుతదా మేడం?" అన్న.

"తగ్గొచ్చు. పూర్తిగా తగ్గుతుందని మాటివ్వలేను."

మా ఆయన అడిగిండు. "మరి నన్ను జూస్తె ఎందుకు చెవులు మూస్తది మేడం? నేనేమన్న సప్పుడా?"

ఆమె ఆయన చేతుల దిక్కు సూసింది. "ఆ చేతులు ఏం చేశాయో తనకి గుర్తుంది కదండీ" అన్నది.

డప్పు దోస్తు ఇంట్ల పెట్టిండు. కొట్టుడు ఇడిసిపెట్టలే, ఇంటికి తెచ్చుడు ఇడిసిపెట్టిండు. ఆటో మెయిన్ రోడ్డు మీదనే ఆపి నడిసొచ్చుడు. గేటు కాడ నిలవడి, "బిడ్డా, నేనొస్తున్న. మెల్లగనే ఒస్తున్న" అనుడు. గల్లీ పోరగాండ్లు నవ్వెటోళ్ళు, ఆయన పట్టిచ్చుకోలే. బిడ్డ గిలాస మీద చెంచతోని తనే టింగుమనుడు నేర్సుకున్నది. "మిక్సీ ఏస్తున్న బిడ్డా" అంటె బయటికురికి నిలవడేది గని ఒర్రకపోయేది. కొన్ని దినాలు మంచిగుండేది, కొన్ని దినాలు మళ్ళ మొదటికొచ్చేది. నాయన దగ్గర మాత్రం ఒక చెవి మీది చెయ్యి తీసింది, రెండోది తియ్యలే. ఒళ్ళెకు అసలే పోలే. ఒక్క చేత్తోని జామకాయ తీస్కొని ఉరికేది.

అట్లనే ఏండ్లు గడిసినయి. ఒకనాడు పొద్దుగూకంగ టీవీల చెప్పిన్రు, తెలంగాణ ఒచ్చిందని.

గల్లీకి గల్లీ లేసింది. పటాకలు, ఈలలు, బండ్ల హారన్లు. డప్పులు కాపి, దోస్తులందరు మా గేటు కాడికొచ్చిన్రు. ఆయన డప్పు గుడ తెచ్చిన్రు. "అన్నా రావే, నువ్వు లేకుంటె ఎట్ల" అని పిలుస్తున్రు. లాఠీ దెబ్బలు తిన్నడు, స్టేషన్ల కూసున్నడు, గిరాకీ పోగొట్టుకున్నడు ఈ ఒక్క దినానికి. బిడ్డ బీరువ పక్కన ముడుసుకొని వణుకుతున్నది. తన చేతులు చెవులకు ఆనుతలేవు, అంత వణుకు.

"నువ్వు పోవయ్యా, నేను పట్టుకుంట. మళ్ళ ఒస్తదా ఈ దినం?" అన్న.

ఆయన తలుపు దాక పోయిండు. గొళ్ళెం పెట్టిండు. తిరిగొచ్చి బిడ్డ ఎదురుంగ నేల మీద కూసున్నడు. "బిడ్డా, నా చేతులు పెట్టన్నా?" అని అడిగిండు. బిడ్డ ఔననలే, కాదనలే. ఆ మొరటు చేతులు రెండు తెచ్చి మెల్లగ చెవుల మీద పెట్టిండు. ఇదిలిచ్చుకుంటదేమో అని నేను దగ్గరికి జరిగిన.

బిడ్డ ఇదిలిచ్చుకోలే. వణుక్కుంటనే తన చిన్న చేతులు లేపి, నాయన చేతుల మీద ఏసి, ఇంకింత గట్టిగ అదుముకున్నది.