నిండుకున్నాయి

గోల్‌మురిలో అసిరమ్మ చేసే చేగోడీలు రోజూ మధ్యాహ్నానికల్లా అమ్ముడైపోతాయి. అయిపోయాయని మాత్రం ఆమె నోటితో అనదు. నిండుకున్నాయంటుంది. తిండి దగ్గర లేదన్న మాట రాకూడదని వాళ్లమ్మ నేర్పింది.

ఆ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనవరాలు నవ్య దుకాణానికి ఫేస్‌బుక్ పేజీ తెరిచింది. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా పోస్టులు హిందీలో రాసి, టైములు పెట్టేసింది. వేళకి అవే వెళ్లిపోతాయి.

"మూడింటికి క్యా లిఖూఁ, నానమ్మా?"

"నిండుకున్నాయని రాసీయే."

సోమవారం మూడింటికి ఖాళీ డబ్బాల పక్కన అసిరమ్మకు కునుకు పట్టింది. కలలో చేగోడీలు వానలా గలగలమంటూ డబ్బాల్లోకి రాలుతున్నాయి. కళ్లు తెరిస్తే గుమ్మం నిండా జనం, స్కూటర్లు. కల ఇంకా వదల్లేదనుకుంది.

"ఏటే ఇది?"

"ఆప్ హీ నే తో కహా, నువ్వేగా చెప్పావ్! డబ్బే భర్ గయే, ఆయియే అని పెట్టాను."

డబ్బాలు నిండాయి, రండి! అసిరమ్మకు నవ్వాగలేదు. వారమంతా అదే పోస్టు ఉందట. తీసేయనా అంది నవ్య, సంగతి తెలిశాక.

"ఉండనీయే," అంటూ అసిరమ్మ బియ్యప్పిండి కలిపి మూకుడు పెట్టింది.

ఆరింటికల్లా డబ్బాలు నిండాయి. ఆరున్నరకల్లా చేగోడీలు నిండుకున్నాయి.