ఒకే తాంబాళంలో కబాబు

"మొదట మగవాళ్లు తిననీవే. ఈ ఇంటి పళక్కం అదే," అన్నాను.

"ఇది సాంబారు కాదవ్వా, మళ్లా కాచి పోసుకునేదానికి. ఆరితే కొవ్వు మైనమైపోతుంది. అందరమూ ఒకే తాంబాళం చుట్టూ కూర్చోవాల," అన్నది మనవరాలు.

"ఒకే తాంబాళంలోనా? మనమేమన్నా కోళ్లమా?"

"సరి, కోళ్లమే అనుకో. మా అమ్మ వేడికూడు తిని ఎన్నాళ్లయిందో అడుగు ముందు."

ఆ అమ్మ, అంటే నా కోడలు, నిప్పుల దగ్గర తల వంచుకుని టొమాటోలు తిప్పుతూనే ఉంది.

చెన్నైలో తుర్కీ వంటల హోటల్లో పనిచేసే మనవరాలు సెలవుకు రాజపాళయం వచ్చి, మా పెరట్లో అదానా కబాబు కాల్చిన ఆదివారం మాట ఇది. బొగ్గులు దండగని కొబ్బరి చిప్పలతో నిప్పులు చేయించింది నేనే. కత్తితో సన్నగా కొట్టిన గొర్రెమాంసంలో తోక దగ్గరి కొవ్వూ ఎర్రమిరపా కలిపి, వెడల్పాటి ఇనుప చువ్వలకు వేళ్లతో అద్ది నిప్పుల మీద పెట్టగానే, చిటచిటమని లేచిన పొగకు నా చిన్ననాటి ఆకలంతా ఒక్కసారిగా లేచి కూర్చుంది.

నా ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది, కులదేవతకు పొట్టేలు కోసిన నాడు కార్జం ముక్కలు సైకిలు పుల్లకు గుచ్చి కాల్చి మగపిల్లలకు పెట్టేవారు. మేము విస్తళ్లెత్తి, నేల తుడిచి వచ్చేసరికి అడుగంటిన మసాలాలో అన్నం పిసికి అమ్మ తలా ఒక ముద్ద పెట్టేది, అదీ రుచిగానే ఉండేదనుకోండి, కానీ నిప్పుల మీది ముక్క మాకు వాసన వరకే.

మనవరాలు తాంబాళంలో పలుచని రొట్టె పరచి, ఇంకో రొట్టెతో మాంసాన్ని పట్టి చువ్వను ఒక్క లాగు లాగింది. కాల్చిన మిరపకాయలు, టొమాటోలు, పుల్లని ఎర్రపొడి చల్లిన ఉల్లిపాయలు చుట్టూ పేర్చింది. కొవ్వు కరిగి కింది రొట్టెలోకి ఇంకుతుంటే ఇక నేను ఆగలేకపోయాను. కొడుకును పక్కకు జరగమని, కోడలిని చెయ్యి పట్టి కూర్చోబెట్టి, నేనూ కూర్చున్నాను. వేళ్లు కాలుతున్నా ఎవరమూ చెయ్యి వెనక్కి తీయలేదు. పెళ్లయి వచ్చాక కోడలు నా ఎదురుగా కూర్చుని తినడం అదే మొదలు. ఆమెకు కారమంటే అంత ఇష్టమని అప్పుడే తెలిసింది. మా అమ్మకు ఏది ఇష్టమో నాకు ఈనాటికీ తెలియదు, ఆమె తింటుండగా ఎవరు చూశారు గనుక.

మరునాడు పొద్దున ఇడ్లీలు దించగానే కోడలు తనకూ ఒక పళ్లెం పెట్టుకుని మాతోపాటే కూర్చుంది. కారం చట్నీ గిన్నె ఆమె వైపు జరిపాను.