చదివించే గోడ

సముద్రపు పాయల మధ్య ఉన్న ఆ దీవిలో వెర్డెల్ గీథర్స్ చేతి వంట తినని మనిషి లేడు. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు వండింది. పెద్ద పంతులుగారైనా సరే, కంచంలో అన్నం వదిలేస్తే నలుగురిలో కడిగిపారేసేది. తుఫానుకు ఇంటి కప్పు లేచిపోయినా బెదరని ఆ మనిషి, ఆరేళ్ళ మనవరాలు టాలీషా అన్న ఒక్క మాటకు గడగడ వణికిపోయింది.

"అమ్మమ్మా, రాత్రి ఎవరో నా గుండెల మీద కూర్చున్నారు. ఊపిరాడలేదు."

ఆ బరువు వెర్డెల్‌కు తెలుసు. చిన్నప్పుడు తన మీదా కూర్చుంది. తల్లి మీదా కూర్చుంది. నిద్రంటేనే జడిసి జడిసి, చివరికి ఆ తల్లి చిక్కి శల్యమై పోయింది. దీవిలో దానికి ఉన్న మందు ఒక్కటే, మంచం పక్క గోడకు పేపర్లు అంటించడం. రాత్రిళ్ళు గుండెల మీదెక్కే ఆ ముసలి పీడ గోడ మీది ప్రతి అక్షరమూ చదివి తీరాలి. అది పూర్తయ్యేలోగా తెల్లవారిపోతుంది. వెర్డెల్ అమ్మమ్మ హెస్టాకు ఒక్క ముక్క చదవడం రాకపోయినా, పిండి జిగురు కాచి నాలుగు గోడలూ పేపర్లతో కప్పేసింది.

వెర్డెల్ కూడా అంటించింది. వారం తిరిగేసరికి పిల్ల కళ్ళ కింద నలుపు దిగింది. ఎంతో ఇష్టంగా తినే రొయ్యల అన్నం కూడా ముట్టలేదు.

"ఆ ముసలిది మళ్ళీ వచ్చిందా తల్లీ?"

"ముసలిదేంటి? అక్క. గౌను నిండా నీళ్ళు కారతన్నాయి. గోడంతా వెతుకుద్ది. దొరక్కపోతే నా మీదెక్కుద్ది."

చేతిలో గరిటె అక్కడే పడేసి, వెర్డెల్ తన పెద్దమ్మ, హెస్టా పెద్ద కూతురు యూలీ ఇంటికి పరిగెత్తింది. ఎనభై ఎనిమిదేళ్ళ యూలీ వసారాలో అలసందకాయలు వలుస్తోంది.

"తడిసిన గౌను పిల్ల ఎవరు పెద్దమ్మా?"

"పొద్దున్నే నీకేం పుట్టిందే? చెప్పులైనా లేకుండా వచ్చి అడిగేది ఇదా?"

"టాలీషాకి కనబడతంది."

యూలీ చేతులు ఆగిపోయాయి. "ఆ పేరెత్తితే ఇంట్లోకొస్తదని మా అమ్మ ఒట్టేయించుకుందే."

"ఇప్పుడు రాకుండా ఉందా?"

ముసలామె భోరుమంది. "మా పిన్ని మిండా. పదిహేనేళ్ళది. తెల్లోళ్ళింట్లో పనికి పోయి కడుపుతో తిరిగొచ్చింది. వానలో తలుపు బాదింది. చర్చిలో తలెత్తుకోలేమని మా అమ్మ గడియ తియ్యలా. లోపల నేనున్నా. అంతా విన్నా. తెల్లారి పాయలో తేలింది. ఆ వారమే మా అమ్మ గోడలకి పేపర్లు అంటించింది."

ఆ పిల్ల గోడంతా వెతికేది తన పేరు కోసమేనేమో అనుకుని, ఆ మధ్యాహ్నం వెర్డెల్ వంటింటి బల్ల ముందు కూర్చుంది. బడిలో డబ్బాల మీద ఉప్పు, పంచదార అని రాయడమే గానీ ఉత్తరం ముక్క రాసి ఎన్నేళ్ళయిందో. పేరు రాస్తే పిలిచినట్టే. పిలిస్తే వచ్చి పిల్లను తనతో తీసుకుపోతే? మూడుసార్లు పెన్ను కింద పెట్టింది. చివరికి కలిపిరాతలో రాసింది: 'మిండా చిన్నమ్మమ్మా, నువ్వు తలుపు కొట్టావు. మేము తియ్యలేదు. తప్పు మాది.' ఆ కాగితాన్ని పేపర్ల మీద అంటిస్తుంటే జిగురంతా మోచేతుల దాకా కారింది.

మర్నాడు ఎండెక్కినా టాలీషా లేవలేదు. వెర్డెల్ మంచం దగ్గరికి ఉరికింది. వంగి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చగా ఊపిరి తగిలింది.

టాలీషా కళ్ళు నులుముకుంటూ లేచింది. "అక్కొచ్చింది అమ్మమ్మా. నా మీదెక్కలేదు. ఇక్కడ వేలు పెట్టుకుని ఏడ్చింది."

కలిపిరాత ఒక్క అక్షరమూ రాని ఆ పిల్ల, సరిగ్గా పేరు మీదే వేలు పెట్టింది.

"ఇదేం మాట?"

వెర్డెల్ పిల్ల పక్కన కూర్చుంది. నిన్న యూలీ నోట వచ్చేదాకా, ఎనభై ఏళ్ళుగా ఆ వంశంలో ఎవరూ పైకి అనని మాట అది.

"మిండా," అంది.

భయం పోలేదు. అయినా వెళ్ళి వీధి తలుపు గడియ తీసింది.