గంటు చూడమన్న మావయ్య

మా మావయ్య పోయాడని మంగళవారం పొద్దున గరివిడి నుంచి అత్త ఫోన్ చేసింది. గుండె ఆగిందట. "సరే అత్తా" అన్నాను. ఈమధ్యే మాటల మీద ఇష్టం పుట్టి, కొత్త మాట కనిపిస్తే నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఆ రోజు అందులో ఒక్కటీ పనికి రాలేదు.

మావయ్య మా అమ్మకు తమ్ముడు, ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. నా తొమ్మిదో తరగతి సెలవుల్లో విడిభాగాలు తెచ్చి, విజయనగరంలో మా ఇంటి నేల మీద దుప్పటి పరిచి కంప్యూటర్ బిగించాడు. ఏది ముట్టుకోవాలన్నా ముందు కిటికీ ఊచ పట్టుకునేవాడు, ఒంటి మీది కరెంటు పోవాలని.

"కిటికీకి దండాలెడతన్నావేట్రా?" అని అమ్మ వెక్కిరించేది.

నిరుడు కంప్యూటర్ మరీ నెమ్మదించింది. మావయ్యకు చెప్పకుండా కొట్టుకెళ్లి ర్యామ్, అదే మెమరీ పట్టీ, తెచ్చాను. ఎంత నొక్కినా స్లాటులో దిగలేదు. ఆదివారం మావయ్య వచ్చి చూసి నవ్వాడు.

"బలవంతంగా తొక్కితే దూరతాదేటే కోడలా? మన బోర్డుది డీడీఆర్ టూ. నువ్వు తెచ్చింది త్రీ. గంటు ఎక్కడున్నాదో సూడు."

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాడు. పొడవు ఒకటే. అడుగు అంచున కోసిన గంటు మాత్రం కాస్త జరిగి ఉంది. తిట్టలేదు. బోర్డు మీది పేరు నా చేతే చదివించి, ఒక్కో స్లాటుకు రెండు జీబీలే పడతాయని నెట్‌లో నా చేతే వెతికించాడు. "ముందు మూత తీసి సూడాల. కొట్టుకి తర్వాతెల్లాల" అన్నాడు. అంత ఓపిగ్గా నాకెవరూ ఏదీ నేర్పలేదు.

డీడీఆర్ టూ కొట్లలో దొరకడం మానేసింది. మావయ్య నెలల తరబడి వెతికి, చివరికి రెండు సంపాదించాడు. "ఈసారి నువ్వే బిగించాల. నాను సేతులు కట్టుకుని సూస్తాను" అని ఫోన్‌లో చెప్పాడు. వస్తానన్న ఆదివారానికి ఐదు రోజుల ముందే పోయాడు.

పదకొండో రోజు కార్యం అయ్యాక అత్త ఆ రెండు ర్యాములున్న పొట్లం నా చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి ఒక్కదాన్నే మూత తీశాను. పాతవి తీసి రెండూ పెట్టాను. క్లిక్కుమని దిగాయి. కంప్యూటర్ వెలిగింది. కానీ నాలుగు జీబీలు పెడితే మూడుంపావే చూపించింది. అన్నీ సరిచూశాను. తప్పెక్కడో తెలియలేదు.

చెయ్యి దానంతటదే మావయ్య నంబరు నొక్కేసింది. అత్త ఎత్తింది.

"ఏటమ్మా, ఈ ఫోన్‌కి సేసేవు?"

"ఏటీ లేదత్తా. తిన్నావా?"

"తిన్నానమ్మా."

ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. అటువైపు ఎవరో బిందెలో నీళ్లు పట్టుకుంటున్న చప్పుడు. బిందె నిండేదాకా విన్నాను.