పేజీ తిప్పని శాస్త్రవేత్త

ఆ రోజుల్లో జ్ఞానమనేది నల్గొండలో పొద్దున తలుపులు తెరుచుకుని, సాయంత్రం తాళం పడే వస్తువని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లవి. డిగ్రీలో రెండు పేపర్లు పోయి ఇంట్లో కూర్చున్నానని ఊరంతా అనుకునేది గానీ, నేను కూర్చున్నది లైబ్రరీలో. మొదటి బస్సుకు పోయి, ఫ్యాను కింది కుర్చీ పట్టుకుని (ఫ్యాను తిరగడం వేరే సంగతి), మూలనున్న వ్యవసాయం బీరువాను ఒక్కో పుస్తకం చొప్పున చదివేవాణ్ణి. మా నేల గురించి, మా చెట్ల గురించి, మేం రోజూ తిట్టుకునే పురుగుల గురించి అచ్చులో చూస్తుంటే ఒళ్లు జలదరించేది. ఆ పురుగులకు ఎంత చక్కటి రంగుల ఫోటోలనుకున్నారు! మా ఇంట్లో ఎవరికీ అంత మంచి ఫోటో లేదు.

నచ్చినదల్లా నోటుబుక్కులో ఎక్కించుకుని, ఇంటికొచ్చి బాపుకు చదివి వినిపించేవాణ్ణి. మాకు అరవై బత్తాయి చెట్లుండేవి. నాటిన మూడో ఏడు కరువొస్తే బాపు ట్యాంకరు నీళ్లు తెప్పించి, బిందెలతో ఒక్కో మొదలుకూ పోసి బతికించిన తోట అది. చెట్టుకు దాహం వేసే వేళల గురించి నేను చదువుతుంటే ఆయన చుట్ట ముట్టించుకుని, "పుస్తకంల చెట్టుకు దూపైతదారా?" అనేవాడు. ఆయనకు కావలసిన కబురు ఎరువుల దుకాణంలోనో, పెండ్లి పందిట్లో పక్క విస్తరి నుంచో, కొత్తగా ఫోన్లో పెట్టుకున్న రైతుల గ్రూపులోనో దొరికేది. కొడుకు నోట్లోంచి వచ్చిన కబురును మాత్రం ఆయన లెక్కలోకి తీసుకునేవాడు కాదు.

ఆ చలికాలం తోట మీద బాపుకు బెంగ పట్టుకుంది. అంతకు ముందేడు కాపు పలచగా వచ్చింది. బత్తాయికి పూత బాగా రావాలంటే కొన్నాళ్లు నీళ్లు ఆపి చెట్టును వాడబెట్టాలని మా దగ్గర అందరికీ తెలుసు. ఎన్నాళ్లు ఆపాలనేది మాత్రం ఎవరికి తోచినట్టు వారు చెప్పేవారు. సరిగ్గా ఆ సంగతే నాకు ఒక లావుపాటి పుస్తకంలో దొరికింది. నలభై రోజులు ఆపమని కుడివైపు పేజీ అడుగున స్పష్టంగా ఉంది. నేను రాసుకుంటుండగానే లైబ్రరీ అటెండరు తాళాల గుత్తి బల్ల మీద కొట్టి, "లేస్తవా, లోపటేసి తాళం పెట్టమంటవా?" అన్నాడు. పేజీలో చివరి మాట "అయితే" అని ఉంది. దాన్ని కూడా రాసుకుని బస్సుకు పరుగెత్తాను. బస్సులో కూర్చుని రాసుకున్నదంతా వ్యాసంలా ఫోన్లో కొట్టి గ్రూపులో పెట్టాను. చివరి "అయితే" మాత్రం తీసేశాను. అది లేకపోతేనే సలహా గంభీరంగా ముగిసినట్టు అనిపించింది.

గ్రూపులో ఒక్కరూ పలకలేదు. మా చిన్నాన్న కొడుకొకడు బొటనవేలు బొమ్మ పెట్టాడు, అదీ పొరపాటున నొక్కుకుందట. నాలుగు రోజులయ్యాక బాపు ఫోను పట్టుకుని మెరిసిపోతూ వచ్చాడు. హుజూర్‌నగర్ వైపున్న మా మేనమామ పంపిన మెసేజ్ అది. పైన వరికంకుల బొమ్మలు, దండం పెట్టే చేతులు, "ప్రముఖ వ్యవసాయ శాస్త్రవేత్త సలహా" అని పెద్ద శీర్షిక. కింద అక్షరం పొల్లుపోకుండా నా వ్యాసం! నేను కొమ్ము దీర్ఘం మర్చిపోయిన చోట కూడా అలాగే ఉంది. నా వాక్యాలు నాకు తెలియకుండా కృష్ణ ఒడ్డు దాకా పోయి, కోటు తొడుక్కుని ఇంటికి తిరిగొచ్చాయన్నమాట. బాపు మాత్రం, "చూసినవా, సదువుకున్నోళ్లు గిట్ల చెప్తరు. నీ లెక్క నోటికొచ్చినట్టు గాదు" అని అదే రోజు బోరు బందు పెట్టాడు. చెప్పొద్దూ, అప్పుడు నిజం చెప్పేస్తే ఆ "ప్రముఖ" పోతుందని నేనే నోరు మూసుకున్నాను.

ఇరవై ఆరో రోజున గొంగడి తాత వచ్చాడు. కొల్లాపూర్ నుంచి ఏటా గొర్ల మందను తోలుకుంటూ హుజూర్‌నగర్ దిక్కు పోయే మనిషి. దారిలో మా బీడులో రెండు రోజులు మంద ఆపితే, ఎరువు దక్కినందుకు బాపు ఆయనకు జొన్నలు పోసేవాడు. ఎండలోనూ గొంగడి తీయడు గనుక నేను పెట్టుకున్న పేరది. పొద్దున్నే నేను తోటలోకి పోయేసరికి ఆయన కట్టె మీద గడ్డం ఆనించి చెట్లను చూస్తున్నాడు.

"ఏం బిడ్డా, చెట్లతోని పంచాతి గిట్ల ఉన్నదా?" అన్నాడు.

"నీళ్లు బందు పెట్టినం తాతా, నలభై దినాలు."

"ఎవలు జెప్పిన్రు?"

"శాస్త్రవేత్త" అన్నాను, కొంచెం గొంతు తగ్గించి.

"ఆయినె గీ చెట్టును చూసిండా?"

తాత వంగి, చెట్టు మొదట్లో కట్టెతో గుంత తవ్వి, మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశాడు. వేళ్ల సందుల్లోంచి ఎర్రటి దుబ్బ రాలిపోయింది. "పగటీలి ఆకు వాలినా ఫికర్ లేదు బిడ్డా. పొద్దుగాల మల్ల లేవాలె. ఇగో చూడు, ఇంత పొద్దుగాల గూడ లేవలే. నల్లరేగడైతే ఓర్సుకుంటది. గిది చల్క, ఉత్త ఎర్రదుబ్బ. దీనికి నీళ్లు అడుగుడు తెల్సు, ఓర్సుకునుడు తెల్వదు."

ఆ క్షణంలో నేను తీసేసిన "అయితే" నా చెవుల్లో గంటలా మోగింది.

ఇంటికి పరుగెత్తాను. బాపు అప్పుడే ముఖం కడుగుతున్నాడు. "బాపూ, బోరు పెడదాం. చెట్లు సచ్చేటట్టున్నయ్."

"ఇంక పద్నాలుగు దినాలున్నయ్ గదరా."

"అన్ని దినాలొద్దు బాపూ."

"గంత పెద్ద శాస్త్రవేత్త జెప్పినంక, నడుమల నువ్వెవనివిరా?"

"ఆ శాస్త్రవేత్తను నేనే బాపూ."

బాపు పగలబడి నవ్వి, "ఇగో, నీ కొడుకు ఏమంటుండో ఇను!" అని అమ్మను పిలిచాడు. అమ్మ వచ్చి, "జరమొచ్చిందా ఏంది?" అని నా నుదురు పట్టుకు చూసింది. నేరం ఒప్పుకున్నా నమ్మేవాళ్లు లేని పరిస్థితి మరెవరికీ రాకూడదు. చివరికి నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టాను. బాపు ఒక వేలు నోటుబుక్కు మీద, ఒక వేలు ఫోను మీద పెట్టి, వరుస తర్వాత వరుస పోల్చుకుంటూ పోయాడు. నేను మర్చిపోయిన దీర్ఘం దగ్గర రెండు వేళ్లూ ఆగిపోయాయి. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. లేచిపోయి బోరు మోటారు వేసొచ్చి, "రేపు పోయి ఆ పేజీ తిప్పిరా" అన్నాడంతే.

మర్నాడు అటెండరు కంటే ముందే లైబ్రరీ మెట్ల మీద ఉన్నాను. పేజీ తిప్పాను. "అయితే" తర్వాత, చల్క నేలల్లో అందులో సగం రోజులు చాలనీ, వాలిన ఆకులు తెల్లవారేసరికి తేరుకోకపోతే వెంటనే నీరు పెట్టాలనీ ఉంది. తాత చెప్పిందే, దాదాపు అవే మాటలు! అక్షరం ముక్క రాని ఆ మనిషి పుస్తకం తిరగేసి చూడలేదు, దాన్ని రాసినాయన తాతను చూసి ఉండడు. ఇద్దరూ వేర్వేరు దారుల్లో నడిచి ఒకే చెట్టు కింద కలిశారు. ఈసారి "అయితే" నుంచి పేజీ చివరి దాకా నోటుబుక్కులో ఎక్కించుకున్నాను.

సవరణ గ్రూపులో పెట్టాను. ఎవరూ ముందుకు పంపలేదు. దానికి వరికంకులూ లేవు, శాస్త్రవేత్తా లేడు. మామకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయనది మాలాంటి చల్కే. ఆయన ఇంకెందరికి పంపాడో, ఎందరి తోటలు నా మూలంగా ఎండుతున్నాయో! మంద లేపుతున్న తాత దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పేశాను. "నా గొర్రె తప్పిపోతే ఏ ఊళ్లె ఉన్నదో నాకెర్కైతది. నీ మాట ఏడున్నదో నీకెర్క లేదా?" అని బోసినోటితో నవ్వాడు. "సర్లే, నా తొవ్వల తోటలున్నోళ్లకు జెప్పుకుంట పోత."

వారం దాటాక మామే ఫోన్ చేశాడు. "అల్లుడా, చల్కల గన్ని దినాలు వద్దంట! ఎవలో గొర్లాయన జెప్పిండని పక్కూరోళ్లు అన్నరు. మేం మల్ల నీళ్లు పెట్టినం, మీ బాపుకు జెర జెప్పు."

మా తోటలో నాలుగు చెట్లు ఎండిపోయాయి. మిగిలినవాటికి ఆలస్యంగానైనా పూత వచ్చింది. ఆ నాలుగు గుంతల్లో కొత్త మొక్కలు నాటించేటప్పుడు బాపు నా చేతికి బిందె ఇచ్చాడు. అవి ఇప్పుడు కాపుకొచ్చాయి. నేను ఇప్పటికీ నెలకోసారి లైబ్రరీకి పోతాను. తాళాల చప్పుడు వినబడగానే ముందు పేజీ తిప్పుతాను, తర్వాతే లేస్తాను. చలికాలం వచ్చిందంటే నా పాత మెసేజ్ ఏదో ఒక గ్రూపులో వరికంకులతో, అదే దీర్ఘం లేకుండా మళ్లీ వస్తుంది. దాని కింద నేను "అయితే" అని మొదలుపెట్టి మిగతాదంతా కొడతాను. ఈ ఏడు ఎవరో కుర్రాడు వెంటనే జవాబిచ్చాడు: "అన్నా, అంత పెద్ద శాస్త్రవేత్త చెప్పినంక నడుమల నువ్వెవలు?"

వాడి జవాబుకు బొటనవేలు బొమ్మ పెట్టి, చెట్లకు నీళ్లు పెట్టడానికి లేచాను.