ఎస్తేరు మేడమ్ నేర్పిన తగువు

కాగిన సోల్డరింగ్ ఐరన్ కొనకు సోల్డర్ తీగ తగలగానే సన్నటి పొగ లేస్తుంది. వాసన గుగ్గిలానికి దగ్గరగా ఉంటుంది గాని, గుగ్గిలానికున్న మర్యాద దీనికి లేదు. ముక్కులో దూరి కళ్ళల్లోంచి నీళ్ళు తెప్పిస్తుంది. ఈ ఉదయం వరండాలో కూర్చుని ఒక సర్క్యూట్ బోర్డుకు తీగలు అతికిస్తుంటే, సముద్రం వైపు నుంచి వచ్చిన గాలి ఆ పొగను నా మొహానికే తెచ్చి కొట్టింది. "గాలికి ఎదురుగా కూచోవాకమ్మా అని ఎన్నిసార్లు చెప్పాల నీకు?" అని ఎస్తేరు మేడమ్ కసిరినట్టే అనిపించింది. ఎదురు జవాబు చెప్పబోయి ఆగాను. ఆమె లేకుండా వాదించడం నాకింకా అలవాటు కాలేదు.

ఆమె పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యారు. బోగోలులో మా ఎదురింట్లో అద్దెకు దిగారు. ఆదివారం చర్చి, మిగిలిన వారమంతా ఇంటినిండా తీగలు. మా పరిచయం గొప్పగా ఏమీ మొదలవలేదు. ఆ ఏడాది మా రొయ్యల గుంటలో పంట మొత్తం పోయింది. నీళ్ళలో గాలి చాలకపోతే రొయ్య బతకదు. అందుకే నీటిని చిలికే చక్రాలు, అంటే ఏరియేటర్లు, తిరుగుతూ ఉండాలి. అవి మూడు ఫేజుల కరెంటు మీద నడుస్తాయి. ఒక ఫేజు పోయిన సంగతి ఎవరూ గమనించలేదు. మోటార్లు మూలిగి మూలిగి కాలిపోయాయి, రొయ్యలు తేలిపోయాయి. మా ఆయన రమణయ్య గట్టు మీద కూలబడి, "ఇంకొక్క పంట చూస్తానే. అది గూడా పోతే గుంట ఎవురికన్నా ఇచ్చేసి, నాయుడుపేటలో మా బావ కొట్లో కూచుంటా" అన్నాడు. గుంటలో దిగని రోజు అన్నం సహించని మనిషి ఆయన. ఆ మాట విన్నాక నా నోరు ఊరుకోలేదు. మోటార్లు బిగించిన ఎలక్ట్రీషియన్‌ను వీధిలోనే నిలబెట్టి కడిగేశాను.

అతను వెళ్ళిపోయాక ఎదురింటి గేటు తెరుచుకుంది.

"ఏమ్మా, ఆ గొంతు నీదేనా?"

"నాదే. ఏం, మీకేమన్నా ఇబ్బందా?"

"ఇబ్బందేం లేదు. అంత గొంతు ఊరికే పోతా ఉండాదే అని బాధ. దాన్నొక బోర్డులో పెడితే, ఫేజు పోయినప్పుడు అదే అరస్తాది గదా."

నేను బియ్యెస్సీ ఫిజిక్స్ చదివినదాన్నే. అయితే ఆనాటికి రెసిస్టరుకీ పిప్పరమెంటు బిళ్ళకీ తేడా చెప్పాలంటే కొరికి చూడాల్సిందే. అదే ఆమెతో అన్నాను. "కొరకొద్దులే, రేపు రా" అన్నారు.

సర్క్యూట్‌ను ముందు కంప్యూటర్‌లో గీయాలి, అక్కడే నడిపి చూడాలి, ఆ తర్వాతే బోర్డు చేయించాలి. దానికొక సాఫ్ట్‌వేర్ కావాలి. "ఫ్రీగా దొరికేటివి చానా ఉండాయి. నువ్వే ఏరుకోని రా" అన్నారు మేడమ్. వీడియోలన్నీ చూసి, వాటి కింద వ్యాఖ్యలు రాసిన వాళ్ళతో తగువులు కూడా పడి, అన్నిట్లోకీ అందమైనదాన్ని ఎంచుకుని, లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళాను.

"ఇది బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది మేడమ్. చూడండి, కరెంటు పసుపు చుక్కలై తీగల్లో పరిగెడుతుంది. బల్బు కూడా వెలుగుతుంది."

"ముచ్చటగా ఉందే. ఇప్పుడు నీ ఫోన్లో నెట్టు ఆపు."

ఆపాను. పేజీ మళ్ళీ తెరవమన్నారు. రాలేదు.

"నీ సర్క్యూట్ బొమ్మ యాడుండాది?"

"వాళ్ళ సర్వర్లో."

"మీ గుంట కాడ సిగ్నలు వస్తాదా?"

"గట్టు చివర తుమ్మచెట్టు కిందికి పోతే ఒక గీత వస్తుంది."

"అట్టయితే తుమ్మచెట్టు కిందే కాపురం పెట్టు."

రెండోది ఒక పెద్ద కంపెనీది. ఫ్రీయే, కాకపోతే బోర్డు కాస్త పెద్దదైతే డబ్బు కట్టాలి. "గేటు దాకా ఉచితం, లోపలికి టిక్కెట్టు" అని ఆమె నవ్వారు. చివరికి ఆమె చూపించినది ఏ కంపెనీదీ కాదు. లోకంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలినది. తెరిస్తే బూడిదరంగు గళ్ళు, అర్థం కాని మీటలు. నాకు ఒళ్ళు మండింది.

"దీని మొహం చూస్తే గీయబుద్ధే కావడంలేదు మేడమ్."

"మొహం చూసేదానికి ఇదేమన్నా పెళ్ళిచూపులా? ఫైలు నీ దగ్గరుంటాది. నెట్టు లేకున్నా తెరుచుకుంటాది. నీకు కావాల్సిన భాగం అందులో లేకపోతే నువ్వే చేసి పెట్టుకోవచ్చు."

"అంత మంచిదైతే ఇంత కష్టంగా ఎందుకుంది?"

"నువ్వూ మంచిదానివే గదమ్మా."

ఆ బూడిదరంగుదాన్నే లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను. అయితే ఆమె మొండి మనిషి కాదు. పసుపు చుక్కలదాన్ని పారెయ్యమనలేదు. కరెంటు ఎటు పోతుందో కంటికి అలవాటయ్యేదాకా దానితోనే ఆడుకోమన్నారు. "ఈత నేర్చేదానికి కాలవ చాలు. వేటకు పోయేదానికే సముద్రం" అన్నారు. అట్లాగే చేశాను. బూడిదరంగు గళ్ళతో స్నేహం కుదరడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో మా ఇంట్లో కూరల్లో ఉప్పు కుదిరిన పూట తక్కువ.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. బొమ్మ పూర్తవగానే నన్ను లేపి తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను నా కుర్చీలోకి వచ్చేవారు. "ఇప్పుడిది నువ్వు గీసింది కాదు. నీకు సరిపడని ఆమె ఎవురో గీసింది. తిట్టు" అనేవారు. మొదట నవ్వులాటగా ఉండేది. తర్వాత చూస్తే, ఊళ్ళో వాళ్ళ మీద వాడే నా చూపు, నా గీతల మీద వాడితే తప్పులు గుత్తులు గుత్తులుగా దొరికాయి. నోరు తగ్గించుకోమని నాకు చెప్పనివాళ్ళు నా చిన్నప్పటి నుంచీ లేరు. దాన్ని ఎటు తిప్పాలో చెప్పిన మనిషి ఆమె ఒక్కరే.

బోర్డు తయారై వచ్చింది. మొదటిసారి ప్లగ్గు పెట్టే ముందు మేడమ్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. "ప్రార్థన చేశాక మళ్ళీ ఫ్యూజెందుకు మేడమ్?" అన్నాను. "ప్రార్థన నాకు. ఫ్యూజు నీకు" అన్నారు కళ్ళు తెరవకుండానే. ఒక ఫేజు తీసేశాం. బోర్డుకు తగిలించిన సైరన్ వీధంతా వినబడేలా మోగింది. కంప్యూటర్‌లోనూ మోగింది, వరండాలోనూ మోగింది. నేను గుంటలో రొయ్యపిల్ల వదలమని మా ఆయనకు చెప్పేశాను.

"గుంటలో చక్రాలు తిరగతా ఉంటే చూసినావా?" అన్నారు మేడమ్.

"ఎందుకు? కంప్యూటర్లో అన్ని రకాలుగా చూశాను గదా."

"కంప్యూటర్‌కి మీ గుంట తెలుసా? నువ్వు చెప్పిందే గదా దానికి తెలిసేది. పోయి చూడు."

మధ్యాహ్నం గుంట దగ్గర ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతుండగా రమణయ్య ఒక ఫ్యూజు పీకాడు. సైరన్ కిక్కురుమనలేదు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, మోటార్ల గొంతు మాత్రం మారింది. నా బోర్డు మూడు పచ్చదీపాలు వెలిగించుకుని సుఖంగా కూర్చుంది. "మోగలేదే!" అన్నాడు ఆయన. ఆయన మొహంలో నాయుడుపేట కొట్టు కనబడింది నాకు. ఫ్యూజు మళ్ళీ పెట్టించి, చెప్పులు చేత్తో పట్టుకుని మేడమ్ ఇంటికి పరుగెత్తాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. తిరుగుతున్న మోటారు పోయిన ఫేజును తానే కొంత పుట్టించి వెనక్కి పంపుతుందని చెప్పారు. తీగలో కరెంటు ఉందా లేదా అని మాత్రమే అడిగే నా బోర్డు ఆ దొంగ ఫేజును నిజమైనదే అనుకుంది. నేను గీసిన బొమ్మలో మోటారు కరెంటు తీసుకునేదే గాని ఇచ్చేది కాదు. "కోడలు ఇంట్లో తింటాదని రాసుకున్నావు, వండతాదని రాసుకోలేదు" అన్నారు. మా సాఫ్ట్‌వేర్‌లో అలాంటి మోటారు లేదు. ఇద్దరం కూర్చుని దాన్ని తయారుచేసి బొమ్మలో పెట్టాం. అప్పుడు కంప్యూటర్‌లో కూడా సైరన్ నోరు మూసుకుంది. నా తప్పు నా కళ్ళ ముందు ఆడుతుంటే అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఫేజు ఉందా లేదా అని కాకుండా, మూడూ సమానంగా ఉన్నాయా అని అడిగేలా సర్క్యూట్ మార్చాం. దొంగ ఫేజు ఎంత నటించినా కొంచెం నీరసంగానే ఉంటుంది.

రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి ఇంకా కొన్నాళ్ళుందనగా, మబ్బు పట్టిన ఒక ఉదయం, గుంట దగ్గర సైరన్ అరిచింది. రమణయ్య పరుగున పోయి మోటార్లు ఆపి, జనరేటర్ వేశాడు. చక్రాలు మళ్ళీ తిరిగాయి. నేను తుమ్మచెట్టు కిందికి పోయి మేడమ్‌కు ఫోన్ చేశాను. "మోగింది మేడమ్! రొయ్యలు బాగుండాయి!" అని అరిచాను. "దేవునికి స్తోత్రం" అన్నారు. ఊపిరి పీల్చుకుని, "సరే. ఇది ఎప్పుడెప్పుడు మోగదో కనుక్కున్నావా?" అన్నారు.

మేడమ్ పోయిన ఏడాది ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. రమణయ్య నాయుడుపేటకు పండక్కి తప్ప పోడు. ఇప్పుడు చుట్టుపక్కల గుంటలవాళ్ళు నా దగ్గరికి వచ్చి బోర్డు గీసి పెట్టమంటారు, నేర్చుకుంటామని వచ్చిన ఆడవాళ్ళు, "ఏది మంచి సాఫ్ట్‌వేరక్కా?" అంటారు. నెట్టు ఆపి చూడమంటాను, కుర్చీ మార్చుకుని తిట్టమంటాను. మేడమ్ పేరు చెప్పే అంటాను.

మొన్న కొత్త రొయ్యపిల్ల వదిలే ముందు, గుంట దగ్గర స్టార్టర్ డబ్బా తెరిచాను. రమణయ్యకు విసుగొచ్చింది. "బాగానే ఉండాది గదే, దాన్నెందుకు సతాయిస్తావు?"

"బాగుందని అది చెప్పిందా, నువ్వు చెప్పినావా?"

మొదటి ఫ్యూజు పీకాను. మోగింది. రెండోది పీకాను. మోగింది. మొత్తం కరెంటు పోతే సైరన్‌కు ఆధారమైన బ్యాటరీ తీగను వేలితో కదిలించాను. ఉప్పుగాలికి తుప్పు పట్టిన కొన పుటుక్కున ఊడి నా చేతిలోకి వచ్చింది.

"దొరికింది మేడమ్" అన్నాను పైకే. రమణయ్య ఇంటికి పోయి సోల్డరింగ్ ఐరన్ తెచ్చిచ్చాడు.