ఒక్క ఓటు, రెండు ప్రమాణాలు

మా అత్తగారి ఊళ్ళో ప్రెసిడెంటు అంటే ఇద్దరు. ఒకరు పంచాయతీ ప్రెసిడెంటు, ఇంకొకరు పాల సొసైటీ ప్రెసిడెంటు. ఢిల్లీలో మూడో ప్రెసిడెంటు ఒకాయన ఉంటాడని బళ్ళో చదువుకున్నాను గానీ, ఆయన వల్ల మా ఆవుకు దాణా వచ్చేది లేదు. ఆడవాళ్ళందరికీ లెక్క పాల ప్రెసిడెంటే. ఆయన మనవైపు ఉంటే దాణా మూట ఆలస్యం కాదు, పశువుల డాక్టరు పిలిచిన పూటే వస్తాడు, పాలు పరీక్ష చేసే అతను వెన్న శాతం తగ్గించి రాసి ధర కొయ్యడు. ఆయనకు మన మీద మనసు విరిగిందంటే పాలు తెల్లనీళ్ళయిపోతాయి.

ఊరు పుంగనూరు నుంచి రామసముద్రం పోయే వైపు ఉంటుంది. బస్సు దిగి కొంత దూరం లోపలికి నడవాలి. నాది కుప్పం వైపు. నా మాటలో అరవం వాసన వస్తుందని ఆ ఊరివాళ్ళు ఏడాది పొడవునా నవ్వారు. పెళ్ళయిన రెండో ఏడు, అంటే తొంభైల చివర్లో, మా నాన్న ఒక జెర్సీ ఆవును మినీ లారీలో ఎక్కించుకొచ్చి మా అత్తగారి కొట్టంలో కట్టేశాడు. పాల పుస్తకం మాత్రం నా పేరు మీదే ఉండాలని పట్టుబట్టాడు. మా మామ సరేనన్నాడు. పుస్తకం ఎవరి పేరున ఉంటే సొసైటీలో ఓటు కూడా వాళ్ళదేనని ఆయన అప్పుడు ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

ఆలోచించే పని ఎవరికీ పడలేదు. ఎందుకంటే ఆ సొసైటీకి ఎన్నో ఏళ్ళుగా ఒక్కరే ప్రెసిడెంటు. పోటీ ఉండేది కాదు. పాప పుట్టి పదకొండు నెలలైన ఆ ఏడు మొదటిసారి పోటీ వచ్చింది. నిలబడింది ఎవరో కాదు, మా వదిన భర్త. వదిన అంటే మా ఆయనకు అక్క. ఆమెను ఊళ్ళోనే ఇచ్చారు, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల.

పాత ప్రెసిడెంటుకు మా పొలం పక్కనే పొలం. మా టమాటా తోటలోకి బండి పోవాలంటే ఆయన గట్టు మీదుగానే పోవాలి. వేరే దారి లేదు. అప్పుడు తోట కోతకొచ్చి ఉంది. రోజు విడిచి రోజు మా ఆయన బుట్టలు వేసుకుని మదనపల్లె మార్కెట్టుకు పోతున్నాడు. ఆ గట్టు మీద ఒక ముళ్ళకంప అడ్డం వేస్తే చాలు, పండ్లన్నీ చెట్లమీదే కుళ్ళిపోతాయి. ఒకవైపు దారి, ఇంకోవైపు ఇంటి ఆడబిడ్డ. మా మామకు అన్నం సహించడం మానేసింది.

ఉదయం, సాయంత్రం పాలకేంద్రం ముందు క్యాన్లు పట్టుకుని నిలబడేవాళ్ళం. ఓట్ల వాదన అంతా అక్కడే జరిగేది. పాతాయన ఉండబట్టే వానాకాలంలో వాగు పారినా పాల వ్యాను ఆగలేదని ఒకామె అనేది. వ్యాను ఆగకపోతే ఏం, ఆయన చుట్టాల ఆవులకే వెన్న వస్తుంది, మన ఆవులు మాత్రం మట్టి తింటున్నాయా అని ఇంకొకామె విసుక్కునేది. మా వదిన భర్త మంచివాడే గానీ, పెద్ద ఆఫీసుకు పోతే కుర్చీ అంచున కూర్చునే మనిషి, అట్లాంటివాడు దాణా ఎట్లా తెస్తాడని మరొకరి అనుమానం. అందరిలోకీ పెద్దామె ఒకరోజు తేల్చేసింది.

"మంచోడైతే ఇంట్లో పెట్టుకో. మనకు పని జరిపించేటోడు కావాల."

ఆ మాటకు సగం మంది తలలూపారు. పాలు పరీక్ష చేసే అతను పాతాయన మేనల్లుడే. అతను బయటికి రాగానే అందరం ఎండల గురించి మాట్లాడటం మొదలుపెట్టాం. చీటీలో ఓటు వేసేదైతే ఇంత భయం ఉండేది కాదు. మా సొసైటీలో చేతులెత్తే పద్ధతి. ఎత్తిన చెయ్యి ఊరంతటికీ కనబడుతుంది.

నా మనసు మాత్రం మా వదిన భర్త వైపే ఉండేది. మా నాన్న అంత ఖర్చుపెట్టి తెచ్చిన ఆవు పాలను ఆ మేనల్లుడు రోజూ ముక్కు చిట్లించి చూసేవాడు. ఆ కోపం నాకు ఉంది. అయినా దారి సంగతి తలుచుకుంటే కోపం చల్లబడి భయం వేసేది.

ఎన్నికకు వారం ముందు పాత ప్రెసిడెంటు ఇద్దరు మనుషులతో మా ఇంటికి వచ్చాడు. నేను లోపల సంగటి గెలుకుతున్నాను. పాప అరుగు మీద పాకుతోంది. వాళ్ళు ఏదేదో మాట్లాడి చివరకు మాట కావాలన్నారు. మా మామ అటూ ఇటూ చూశాడు. చూసి, పక్కన పాకుతున్న నా బిడ్డను ముందుకు లాక్కుని నెత్తిన చెయ్యి పెట్టాడు.

"నా మనవరాలి మీదాన. మా ఇంటి సెయ్యి నీకే లేస్తాది."

బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పిన మాట తప్పితే ఆ చెడు బిడ్డకే తగులుతుందని మా వైపు నమ్మకం. నేను గరిటె వదిలేసి బయటికి వచ్చేసరికి వాళ్ళు చెప్పులు వేసుకుంటున్నారు. పాపను లోపలికి ఎత్తుకొచ్చి, ఏం చేస్తున్నానో తెలియకుండానే తల మీద చెంబెడు నీళ్ళు పోశాను. మా అత్త చూసి, కడిగితే పోయేదా అది అంది. నా ఓటు, నా బిడ్డ, ప్రమాణం మాత్రం ఆయనది. ఒళ్ళు మండిపోయింది. మా ఆయనతో చెబితే, దారి కావాలి కదా, ఆయనకే ఎత్తు, అక్కకు తర్వాత నేను సర్దిచెబుతా అన్నాడు. ఇష్టం లేకపోయినా సరే అనుకున్నాను. పాప మీద ఉన్న మాట కాబట్టి అనుకున్నాను.

ఎన్నిక రోజు పొద్దున్నే మా ఆయన టమాటాలతో మదనపల్లె వెళ్ళిపోయాడు. నేను పాలు తీసుకుని కేంద్రానికి పోయాను. వరుసలో మా వదిన వచ్చి నా వెనక నిలబడింది. ఆ మనిషి ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పింది.

"నిన్న మాపటికి నాయన మా ఇంటికొచ్చినాడు. పాప నెత్తిన సెయ్యి పెట్టి, మీ ఇంటి సెయ్యి మాకేనని సెప్పినాడు."

నిన్న సాయంత్రం మా మామ పాపను ఎత్తుకుని, మేకపిల్లల్ని చూపించుకొస్తానని పోయిన సంగతి గుర్తొచ్చింది. క్యాను కింద పెట్టేశాను. వదినతో ఏం చెప్పను? మీ నాయన ఇదే ప్రమాణం వారం కిందట అవతలివాళ్ళకూ చేశాడని ఎట్లా చెప్పను? తలూపి పాలు పోసి ఇంటికి వచ్చేశాను.

మా మామ కొట్టంలో దూడను కట్టేస్తున్నాడు. నేను ఆయనకు ఎదురు నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి. ఓటు ఒకటే కదా, ఇద్దరికీ ఎట్లా ఇచ్చావు మామా అని అడిగాను. ఆయన తాడు ముడి వేస్తూనే అన్నాడు.

"దోవ మూసేస్తే యాడికి పోవాల మనం? నా కూతురి మొగం ఎట్ల సూడాల? నువ్వే సెప్పమ్మా."

ఎదురుగా ఉన్న మనిషికి లేదు అని చెప్పడం ఆయనకు చేతకాదు. ఎవరడిగితే వాళ్ళకు ఔనంటాడు. ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది. ఆ పొద్దు మాత్రం చేతిలోని ఖాళీ క్యాను ఆయన మీదికి విసిరేయాలనిపించింది. మా అత్త, జ్వరమని పడుకో, పోవద్దు అంది. పోకపోతే రెండు మాటలూ తప్పినట్టే కదా. ఒకరికి ఎత్తితే ఒక మాట తప్పుతుంది. ఇద్దరికీ ఎత్తితే ఏదీ తప్పదు. ఈ లెక్క ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తుంది. ఆ రోజు అరుగు మీద కూర్చుని, పాప నుదురు మాటిమాటికీ తడిమి చూసుకుంటూ, ఇంతకంటే మంచి దారి లేదని గట్టిగా నమ్మాను.

బడి ఆవరణలో జనం కూర్చున్నారు. పై ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చి బల్ల ముందు రిజిస్టరు తెరిచాడు. మొదట పాత ప్రెసిడెంటుకు ఎవరెవరు అన్నాడు. పాపను చంకన పెట్టుకుని చెయ్యి ఎత్తాను. రెండు వరుసల అవతల నుంచి మా వదిన నన్ను చూసింది. ఆ చూపు తప్పించుకోవడానికి నేలకేసి చూశాను. ఆఫీసరు పేర్లు రాసుకుని, రెండో ఆయనకు ఎవరెవరు అన్నాడు. మళ్ళీ ఎత్తాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని, అమ్మా, నీకు ఒక్క ఓటే, ఎవరికో చెప్పు అన్నాడు.

ఊరంతా నా వైపు తిరిగింది. మా మామ వేపచెట్టు నీడలో తల వంచుకుని ఉన్నాడు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. పాపను ముందుకు పట్టుకుని చెప్పాను.

"ఇద్దురికీ నా బిడ్డ నెత్తిన సెయ్యి పెట్టి మాటిచ్చినారు సార్. నాకుండేది ఒగే బిడ్డ."

అప్పుడు ఎవరూ నవ్వలేదు. నా పక్కనామె తన కొడుకును దగ్గరికి లాక్కుంది. ఆఫీసరు రెండు చోట్లా నా పేరు కొట్టేశాడు. పాత ప్రెసిడెంటే గెలిచాడు. నా ఒక్క చెయ్యితో అటూ ఇటూ మారే గెలుపు కాదది. వదిన లేచి, నా వైపుగానీ తండ్రి వైపుగానీ చూడకుండా వెళ్ళిపోయింది.

ఓటు కొట్టేశారు కాబట్టి రెండు మాటలూ తప్పినట్టే అయిందన్న భయం ఇంటికొచ్చాక పట్టుకుంది. మాట తీసుకున్నవాళ్ళు నోటితో వదిలేశామంటే దోషం పోతుందని మా అత్త చెప్పింది. ఆ మధ్యాహ్నమే పాపను ఎత్తుకుని బయలుదేరాను. పాత ప్రెసిడెంటు ఇంటి ముందు ఇంకా టపాకాయలు కాలుస్తున్నారు. ఆయన నా మాట సగంలోనే ఆపేశాడు.

"ఎలక్షన్ మాటలమ్మా అవి. ఎవరు పట్టించుకుంటారు? వొదిలేసినా, పో."

దారి మూయనని కూడా అన్నాడు. మూయలేదు కూడా. ప్రాణం సగం కుదుటపడింది. వారం రోజులు నేను వణికిపోయిన మాటను ఆయన అంత తేలిగ్గా దులిపేసుకున్నందుకు కోపమూ వచ్చింది.

వదిన ఇంటికి పోయేసరికి ఆమె భర్త వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేనైతే వదిలేశాను, లోపల మీ వదినను అడుగు అన్నాడు ముభావంగా. వదిన లోపల రాగిపిండి జల్లిస్తోంది. నేను చెప్పిందంతా విన్నది. జల్లెడ మాత్రం ఆపలేదు.

"హైస్కూలుకు పంపిస్తానన్నాడు, పంపలా. పెండ్లికి నన్ను అడుగుతానన్నాడు, అడగలా. మా నాయన ఆనబెట్టి నాకు మాటియ్యడం ఇదే మొదులు. అదీ వొదిలేయమంటావా?"

అప్పటిదాకా నా బిడ్డ సంగతి తప్ప ఇంకెవరి సంగతీ నాకు పట్టలేదు. పాపను ఎత్తుకుని వచ్చేశాను. ఆమె వదల్లేదు.

ఆ పైన రెండిళ్ళకూ రాకపోకలు ఆగిపోయాయి. ఆమె భర్త, ఆ గడప తొక్కొద్దన్నాడని విన్నాం. పాల వరుసలో కూడా ఆమె నాకు నలుగురి అవతల నిలబడేది. ఇక్కడ పాపకు ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, నాకు భయం పట్టుకునేది. పళ్ళొచ్చే జ్వరమైనా ఆ మాటే గుర్తొచ్చేది. అయితే ఆ జ్వరం కబురు ఎట్లా తెలిసేదో, మందు తెచ్చేలోపలే వదిన వాకిట్లో ఉండేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. పాప పక్కన కూర్చుని తడిగుడ్డ మార్చేది. జ్వరం దిగగానే లేచి వెళ్ళిపోయేది. ఆమె భర్త కూడా ఆ ఒక్క పనికి అడ్డు చెప్పేవాడు కాదట.

పాపకు మూడేళ్ళప్పుడు జ్వరం ఎంతకూ దిగకపోతే మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాం. వదిన చెప్పులు కూడా వేసుకోకుండా మాతోపాటు బస్సెక్కింది. రెండో రోజుకు పాప కళ్ళు తెరిచి ఇడ్లీ అడిగింది. మా ఆయన కొనడానికి పోయాడు. మంచం పక్కన మేమిద్దరమే ఉన్నాం. ఆమె ఇంకా పాప నుదురు మాటిమాటికీ తడిమి చూస్తూనే ఉంది. ఇంత భయపడే బదులు ఆ మాట వదిలేస్తే ఇద్దరికీ మనశ్శాంతి కదా వదినా అన్నాను.

ఆమె పాప కాలి మీద దుప్పటి సర్దింది.

"వొదిలేస్తే మీ ఇంటికి ఏం పనిమీద రావాల నేను?"

ఆ తర్వాత నేను ఆమెను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.